మంచి నంబర్లు

జూన్ 4

తిట్లన్నీ కాగితం మీద రాసుకోమంది డాక్టరమ్మ. "పిల్ల మీద కోపం వచ్చినప్పుడు ముందు కాగితాన్ని తిట్టండి. చల్లారాక పిల్లతో మాట్లాడండి" అని. పిల్ల ఎదురుగానే అంది. పిల్ల మూతి బిగించి నవ్వింది. సరే, తిడుతున్నాను.

పొద్దున్న షుగర్ మీటర్లో రెండు వందల తొంభై. పక్క దులుపుతుంటే మంచం కింద ఖాళీ బిస్కెట్ పొట్లం. పద్నాలుగేళ్ళొచ్చాయి, ఈ షుగర్ జబ్బు వచ్చి మూడేళ్ళయింది, తన ఒంటి సంగతి తనకి పట్టదా? స్కూల్లో మధ్యాహ్నం ఇన్సులిన్ వేసుకున్నావా అంటే తల ఊపుతుంది. ఆ ఊపుడు అవునో కాదో తేల్చడం ఆ బ్రహ్మ తరం కూడా కాదు. చిలక్కి చెప్పినట్టు చెప్పాను, నెత్తీ నోరూ కొట్టుకున్నాను. నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుంటుంది.

ఊళ్ళో వాళ్ళందరికీ కారు నేర్పుతాను. క్లచ్చుకీ బ్రేకుకీ తేడా తెలియనివాళ్ళు నా దగ్గర నేర్చుకుని లైసెన్సు పట్టుకుపోయారు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. నాది తిరగబడింది.

జూన్ 5

చల్లారలేదు.

జూన్ 8

ఇన్నాళ్ళూ తోచని ఉపాయం ఇవాళ తోచింది. తిట్టి లాభం లేదు, ఆశ పెట్టాలి. ఆగస్టు చివర్లో స్కూలువాళ్ళు సముద్రం చూపించడానికి తీసుకెళుతున్నారు, మూడు రోజులు. మిరపకాయ ప్రాణమంతా దాని మీదే ఉంది. (మా అమ్మ పెట్టిన పేరు. అసలు పేరుతో పిలిస్తే ఈ ఇంట్లో అది పలకదు.)

"అప్పటిదాకా మీటర్లో నూట ఎనభై దాటకుండా చూసుకో, పంపిస్తాను" అన్నాను.

"ఒక్కసారి కూడా దాటకూడదా?"

"దాటకూడదు."

పిల్ల వాళ్ళ నానమ్మ వైపు చూసింది. మా ఆవిడ బట్టల షాపు నుంచి అప్పుడే వచ్చి, రోజంతా నిలబడ్డ కాళ్ళు బకెట్ నీళ్ళలో పెట్టుకుని కూర్చుంది. "జలుబు చేసినా పెరుగుతుంది, పరీక్షలంటే భయపడినా పెరుగుతుందని డాక్టరమ్మ చెప్పిందిగా. అన్నీ దాని చేతిలో ఉన్నాయా ఏంటి?" అంది.

ఈవిడ మెత్తదనం వల్లే పిల్ల ఇలా తయారైంది.

జూన్ 16

నూట ముప్ఫై నాలుగు! సాయంత్రం నూట యాభై రెండు! వారం రోజుల నుంచి ఒక్కటంటే ఒక్కటి దాటలేదు.

ఇప్పుడు మిరపకాయ మా అమ్మ గదిలో కూర్చుని షుగర్ చూసుకుంటోంది. నానమ్మ పక్కనుంటే సూది నొప్పి తెలియడం లేదట. చూసుకుని మీటరు తెచ్చి నా ముందు పెడుతుంది. నేను బల్ల మీద కొట్టి "భేష్" అంటాను. అది నవ్వదు. అయినా ఈ వయసులో తండ్రి ముందు నవ్వితే పరువు పోతుంది కాబోలు.

మా ఆవిడకి చూపించాను. "ఏమన్నావు, అన్నీ దాని చేతిలో లేవన్నావుగా?" మా ఆవిడ మీటరు అటూ ఇటూ తిప్పి చూసి ఇచ్చేసింది. ఒప్పుకోవడానికి మనసు రాలేదు పాపం.

జూన్ 24

పళ్ళ డాక్టరుతో ఇవాళ మూడో పాఠం. పెద్దాయన. నోట్లో చెయ్యి పెట్టి పన్ను పీకేస్తాడు గానీ లారీ ఎదురొస్తే స్టీరింగ్ వదిలేసి కళ్ళు మూసుకుంటాడు. నా వైపు కూడా ఒక బ్రేకు ఉంటుంది కాబట్టి ఇద్దరం బతికి ఉన్నాం. "మీరు నాకన్నా ముందే తొక్కేస్తున్నారండీ, ఇంక నేనెప్పుడు నేర్చుకునేది?" అని నా మీదే ఎగిరాడు. మీరు కళ్ళు తెరవండి, నేను కాలు తీస్తాను అన్నాను.

సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఏదో మాట మీద అన్నాడు: "నా దగ్గరికి వచ్చే రోజు పొద్దున్న అందరూ బ్రహ్మాండంగా తోముకొస్తారండీ. పళ్ళు చూస్తే తళతళ. చిగుళ్ళు చూస్తే ఏడాది భాగోతం." ఇద్దరం పడీ పడీ నవ్వాం. వెనక హారన్లు.

జూలై 1

నూట ఇరవై తొమ్మిది. నూట నలభై. భేష్.

జూలై 9

ఫ్రిజ్‌లో నీళ్ళ సీసా నిలవడం లేదు. నింపడం నేను, తాగడం వీళ్ళు. ఉక్కగా ఉంది మరి.

మిరపకాయకి స్కూలు బట్టలు వదులయ్యాయి. ఒక్కసారిగా పొడుగు సాగితే అలాగే అవుతుంది, నేనూ ఆ వయసులో వెదురు కర్రలా ఉండేవాణ్ణట. ఆదివారం పగలంతా పడుకుంది. లేపితే "ఒళ్ళు బరువుగా ఉంది నాన్నా" అంది. రాత్రిళ్ళు ఫోను చూస్తోంది, అదీ సంగతి. నంబర్లు బంగారంలా ఉన్నాయిగా.

అమ్మ కుట్టుడబ్బా ముందేసుకుని నా చొక్కాకి బొత్తాం కుడుతోంది. వేళ్ళ చివర్లన్నీ సూది పోట్లే. కళ్ళజోడు మార్పిద్దాం అంటే చెయ్యి వెనక్కి లాక్కుని "నా చూపుకేం, దివ్యంగా ఉంది" అంది.

జూలై 13

ఇవాళ రెండు వందల ముప్ఫై ఒకటి.

తిట్టాను. కాగితాన్ని కాదు. పిల్లనే తిట్టాను. నెల రోజుల కష్టం గంగలో కలిపావన్నాను, నీకు సముద్రం లేదు ఏమీ లేదన్నాను. "ఒట్టు నాన్నా, నేనేం తినలేదు" అని ఏడ్చింది. ఆ ఏడుపులో అబద్ధం కనపడలేదు, అదే నాకు ఇంకా ఒళ్ళు మండించింది.

అమ్మ అడ్డొచ్చింది. మొహం మాడిపోయి ఉంది. "దాన్ని ఏమీ అనకురా. తప్పు నాది. మధ్యాహ్నం ఆ మిఠాయి నేనే..." అంటూ ఆగిపోయింది. షుగర్ ఉన్న పిల్లకి మిఠాయి పెడతావా అని అమ్మనీ కసిరాను. ఆవిడ తల వంచుకుంది. నేను పుట్టాక మా అమ్మ నా ముందు తల వంచుకోవడం ఇదే మొదలు.

జూలై 14

మా ఆవిడ నాతో మాట్లాడటం లేదు. ఈ ఒక్కసారికి వదిలేస్తున్నానని పిల్లతో చెప్పాను. "థాంక్స్" అంది, గోడకి చెప్పినట్టు.

జూలై 20

అమ్మ మిఠాయి మానేసింది. టీలో పంచదార మానేసింది. రాత్రి భోజనం సగానికి తగ్గించేసింది. ఎందుకమ్మా అంటే "పిల్లకి తోడుగా" అంది. నాకు కళ్ళు చెమర్చాయి. ఇలాంటి మనిషిని కసిరాను నేను.

నంబర్లు మళ్ళీ దారిలో పడ్డాయి.

జూలై 29

రాయలేను.

జూలై 31

ఆసుపత్రి వరండాలో కూర్చుని రాస్తున్నాను. జరిగింది జరిగినట్టు రాస్తాను.

మొన్న క్లినిక్కి వెళ్ళాం. మూడు నెలలకి ఒకసారి నరం నుంచి రక్తం తీసి, ఆ మూడు నెలల సగటు చెబుతారు. నేను దర్జాగా మీటరు డాక్టరమ్మ బల్ల మీద పెట్టాను. పొగుడుతుందని ఎదురుచూస్తున్నాను. ఆవిడ రిపోర్టు చూసింది, మీటరు చూసింది, మళ్ళీ రిపోర్టు చూసింది. "సగటు పదకొండున్నర దగ్గరుంది. ఏడు ఉండాలి. ఈ రెండూ ఒకే మనిషివి కావండీ" అంది.

"మీ ల్యాబు తప్పయి ఉంటుంది" అన్నాను. గట్టిగానే అన్నాను. ల్యాబులో సీసాలు తారుమారు చేశారన్నాను, పైవాళ్ళకి ఫిర్యాదు చేస్తానన్నాను. నేను అరుస్తుండగానే మిరపకాయ లేచి గుమ్మం దాకా వెళ్ళి గోడ పట్టుకుని వాంతి చేసుకుంది.

అక్కడే వేలు గుచ్చారు. నాలుగు వందల పైన. అదే మీటరు, అవే స్ట్రిప్పులు. ఒంట్లో విషం పేరుకోవడం మొదలైందని చేతికి సెలైన్ పెట్టి లోపలికి తీసుకెళ్ళారు. "ఇంకో రెండు మూడు రోజులు ఆగి ఉంటే స్పృహ లేకుండా తెచ్చేవాళ్ళు" అంది డాక్టరమ్మ. ఆ మాట మామూలుగా అంది.

మీటరు ఎలా మోసం చేసిందమ్మా అని పిల్లని అడిగాను. కళ్ళు మూసుకుని పక్కకి తిరిగింది.

బట్టలు తీసుకెళదామని ఇంటికి వచ్చాను. అమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది. "ఎలా ఉందిరా?" అంది. చెప్పాను. మీటర్లో అంత బాగున్నవి అక్కడ అలా ఎందుకొచ్చాయో అర్థం కావడం లేదమ్మా అన్నాను. అమ్మ రెండు చేతులూ నా ముందు చాపింది. పది వేళ్ళ మీదా చుక్కలు.

"నా రక్తంరా అది. సూది మాత్రం ఎప్పటికప్పుడు మార్చేదిరా పిల్ల."

నేనేం అన్నానో రాయను. వీధిలోకి వినపడేలా అరిచానని మాత్రం రాస్తాను. పిల్లని చంపేదానివన్నాను. అమ్మ ఏడవలేదు. నా అరుపులు అయ్యేదాకా ఆగి అంది: "మొదటిరోజు అది వచ్చి నా ఒళ్ళో తల పెట్టి, నానమ్మా, మూడు వందలొచ్చింది, నాన్న చంపేస్తాడు అంది. ఒణికిపోతోంది. ఒక్కరోజుకేలే అని నా వేలిచ్చా. మర్నాడు మళ్ళీ వచ్చింది. నాకేం తెలుసురా, అందులో ఇంత ప్రమాదం ఉందని? నువ్వు నంబరు అడిగావు, అది నంబరు తెచ్చింది. ఎలా ఉన్నావే అని ఒక్కరోజైనా అడిగావా?"

అడగలేదు. జూన్ నుంచి ఈ పేజీలన్నీ తిప్పి చూశాను. ఒక్కరోజు కూడా అడగలేదు.

ఆగస్టు 2

ఇంటికి తెచ్చేశాం. మొహంలోకి కాస్త కళ వచ్చింది.

వచ్చేముందు డాక్టరమ్మ నన్ను కూర్చోబెట్టింది. "మీటరు మార్కుల కాగితం కాదండీ, తరవాత ఏం చెయ్యాలో చెప్పేది. ఎక్కువొస్తే మందు వేసుకోవాలి. ఎక్కువొచ్చిందని తిడితే దాచుకుంటారు. ఈ ఇద్దరూ దాచడానికి దారి వెతుక్కున్నారు. మీ అమ్మాయే మొదటిది కాదు, ఆఖరిదీ కాదు. ఎంతొచ్చిందని అడక్కండి. చూసుకున్నావా అని అడగండి. చూసుకుంటే చాలు, మెచ్చుకోండి."

"మూడు వందలొచ్చినా మెచ్చుకోవాలా?"

"మూడు వందలొస్తేనే మెచ్చుకోవాలి. అది చెప్పడం కష్టం."

లేవబోతుంటే ఆపింది. మీరు మీటర్లో చూపించినవన్నీ మీ అమ్మగారివేనా అని మళ్ళీ అడిగింది. అవునన్నాను. "మీ అమ్మాయికైతే ఇవి మంచి నంబర్లే. ఏ జబ్బూ లేదనుకుంటున్న మీ అమ్మగారికి కావు. పరగడుపున నూట ముప్ఫై నాలుగు, తిన్నాక రెండు వందల ముప్ఫై. ఆవిడ్ని రేపే తీసుకురండి."

నేను భేష్ అంటూ బల్ల కొట్టిన నంబర్లు అవి.

ఆగస్టు 4

అమ్మకీ షుగర్. ఎన్నేళ్ళ నుంచో తెలియదట. దాహం, అరికాళ్ళ మంటలు, అన్నీ వయసనుకుంది. నేనూ అదే అనుకున్నాను. అసలు ఆ నీళ్ళ సీసాలు ఒకరు ఖాళీ చేశారో ఇద్దరో!

ఆగస్టు 6

అమ్మ మొండికేసింది. మాత్ర వేసుకోదట, వేలు గుచ్చుకోదట. "ఇన్నాళ్ళూ గుచ్చుకున్నావుగా?" అంటే "అది పిల్ల కోసం. నా కోసం నాకెందుకు?" అంటుంది. నేను గొంతు పెంచబోయాను. మా ఆవిడ నా చొక్కా పట్టుకుని వెనక్కి లాగింది.

కాసేపాగి మిరపకాయ మీటరు పట్టుకుని అమ్మ గదిలోకి వెళ్ళింది. తలుపు ఓరగా వేసి ఉంది. వినకూడదు. విన్నాను.

"నానమ్మా, చెయ్యియ్యి."

"పోవే."

"వేలు మధ్యలో కాదు, పక్కన గుచ్చుకోవాలి, నొప్పుండదు. ఇన్నాళ్ళూ నీకు మధ్యలోనే గుచ్చా, నాకు కోపం వచ్చినప్పుడల్లా."

"ఓసి నీ దుంపతెగ!"

ఇద్దరూ నవ్వుకున్నారు. తరవాత మిరపకాయ గొంతు తగ్గించింది. "చూడు, ఎంతొచ్చినా నేను తిట్టను. అరవను. ఎందుకొచ్చిందని కూడా అడగను. ఎంతొస్తే అంత నాకు చెప్పాలి, అంతే. నేనూ నీకు చెప్తా. సరేనా?"

"మరి మీ నాన్నకో?"

మీటరు డబ్బా మూత పడిన చప్పుడు వినిపించింది. నేను అక్కడ నిలబడలేక వంటింట్లోకి వెళ్ళి ఊరికే గ్లాసులు కడిగాను.

ఆగస్టు 9

పిల్లతో మాట్లాడాను. ముందు ఈ కాగితాల మీద చల్లారి వెళ్ళాను. సముద్రానికి పంపిస్తున్నాను, నంబర్లకీ దానికీ సంబంధం లేదన్నాను. నమ్మలేదు. "దీనికి షరతేంటి?" అంది. షరతు లేదన్నాను. "అయితే నాదొకటుంది. నేను వెళ్ళి వచ్చేదాకా నువ్వు మీటరు ముట్టుకోకూడదు. అమ్మ చూస్తుంది. డాక్టరమ్మ చూస్తుంది. నువ్వు వద్దు."

నాకు ఏడుపొచ్చినంత పనైంది. సరే అన్నాను.

అప్పుడు ఇంకో సంగతి చెప్పింది. స్కూల్లో మధ్యాహ్నం ఇన్సులిన్ వేసుకునే గది తాళం ఆటల సారు దగ్గర ఉంటుందట. అందరి ముందూ వెళ్ళి అడగాలి. ఆయన "ఏమ్మా, ఇంజెక్షనా?" అని మైదానం అవతలికి వినపడేలా అంటాడట. అందుకే మానేసేదట, జనవరి నుంచి. జనవరి నుంచి నేను రోజూ అడుగుతూనే ఉన్నాను, వేసుకున్నావా వేసుకున్నావా అని. ఎందుకు వేసుకోవడం లేదని అడగలేదు.

నేను ఆ సారుతో మాట్లాడతానన్నాను. "వద్దు బాబోయ్, నువ్వు మాట్లాడితే ఊరంతా వినపడుతుంది" అంది. తనే చూసుకుంటుందట.

ఆగస్టు 14

క్లాసులోనే, తన బెంచీ మీదే వేసుకుంటోందట. పక్కనమ్మాయిలు ఇద్దరు పుస్తకాలు అడ్డం పెట్టారట మొదటిరోజు. రెండోరోజు వాళ్ళే మరిచిపోయి కబుర్లలో పడ్డారట. మా ఆవిడ చెప్పింది. నాకు నేరుగా ఏమీ చెప్పదింకా.

ఆగస్టు 19

మీటరు బల్ల మీదే ఉంది. నేను ఒక్కణ్ణే ఉన్నాను ఇంట్లో. చేతులు వెనక్కి కట్టుకుని బల్ల చుట్టూ తిరిగాను. ముట్టుకోలేదు.

ముట్టుకున్నాను. ఆన్ చెయ్యలేదు.

ఆగస్టు 23

అమ్మా మిరపకాయా పొద్దున్నే ఎదురెదురుగా కూర్చుని గుచ్చుకుంటారు. నంబర్లు చెవుల్లో చెప్పుకుంటారు. ఇవాళ అమ్మ ఏం చెప్పిందో గానీ మిరపకాయ "పర్లేదు, మధ్యాహ్నం కాస్త నడుద్దాం" అంది. నానమ్మని వీధి చివరిదాకా నడిపించుకొచ్చింది. దారి పొడుగునా అమ్మ నన్ను ఆడిపోసుకుంటూనే ఉంది, మేడ మీదికి వినపడింది.

ఆగస్టు 27

బస్సెక్కించాం. టీచరమ్మకి గ్లూకోజు బిళ్ళలు ఎక్కడున్నాయో, షుగర్ మరీ తగ్గి కింద పడిపోతే ఏం చెయ్యాలో మిరపకాయే చెప్పింది. నేను వెనక నిలబడి నాలుక కొరుక్కుంటున్నాను. బస్సు కదిలేముందు కిటికీ దగ్గరికి వెళ్ళాను. చెప్పాలనుకున్నవి చాలా ఉన్నాయి. "బాగున్నావా?" అన్నాను. "ఇప్పుడే కదా నాన్నా ఎక్కింది" అంది.

మా ఆవిడ దారంతా నన్ను చూసి నవ్వుతూనే ఉంది. నాకు మాత్రం నవ్వు రాలేదు. వెనక నేను లేను, అమ్మ వేలూ లేదు. అక్కడ ఎక్కువొస్తే చూసుకుంటుందా? చూసుకోకుండా పడుకుంటే ఎవరికి తెలుస్తుంది?

ఆగస్టు 28

ఫోన్ చెయ్యలేదు. నేనూ చెయ్యలేదు. మా ఆవిడకి మాత్రం మెసేజ్ పెట్టిందట, సముద్రం ఫోటో ఒకటి.

ఆగస్టు 29

పళ్ళ డాక్టరుతో పాఠం. ఈమధ్య కళ్ళు తెరిచే నడుపుతున్నాడు, నేనూ నా బ్రేకు మీద నుంచి కాలు తీసి కూర్చుంటున్నాను. వంతెన ఎక్కుతుండగా ఫోన్ మోగింది. మిరపకాయ. నాకు. బండి పక్కకి తీసి ఆపమన్నాను.

"నాన్నా, మూడు వందల పన్నెండు."

బండి ఆగే ఉంది, అయినా నా కాలు బ్రేకు మీదికి వెళ్ళింది.

"నిన్న రాత్రి అందరూ ఐస్‌క్రీం తిన్నాం. నేను రెండు తిన్నా. మందు తక్కువ వేసుకున్నట్టున్నా. పొద్దున్న చూస్తే ఇంతొచ్చింది. ఇప్పుడు ఎక్కువ ఎంత వేసుకోవాలో డాక్టరమ్మ ఇచ్చిన లెక్క ప్రకారం వేసుకున్నా. ఒంట్లో విషం చూసే ఆ పట్టీతో కూడా చూశా, అదీ ఏం లేదు. నీళ్ళు తాగుతున్నా. కాసేపాగి మళ్ళీ చూసుకుంటా." ఒక్క గుక్కలో అంతా చెప్పేసి ఆగింది. అవతల ఎవరివో కేకలు, గాలి హోరు. "తిడతావా?"

రెండు ఐస్‌క్రీములా అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

"నువ్వెలా ఉన్నావే?" అన్నాను.

"బాగున్నా నాన్నా." తరవాత కాస్త మెల్లగా, "కొంచెం భయమేసింది. అందుకే నీకు చేశా" అంది.

నాకు చేసింది. వాళ్ళమ్మకి కాదు, నానమ్మకి కాదు.

సముద్రం ఎలా ఉందే అన్నాను. ఇంక చెప్పడం మొదలెట్టింది. అల ఎంత ఎత్తు వచ్చిందో, చెప్పు ఎలా కొట్టుకుపోయిందో, ఆటల సారు ఎలా బొక్కబోర్లా పడ్డాడో. పాఠం సమయం మొత్తం దానికే అయిపోయింది. పళ్ళ డాక్టరు స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని బుద్ధిగా కూర్చున్నాడు. ఫోన్ పెట్టేసి నేను కళ్ళు తుడుచుకుంటుంటే ఆయన కంగారుగా అడిగాడు.

"ఏమైందండీ? అమ్మాయేనా?"

"అమ్మాయేనండీ. మూడు వందల పన్నెండు."

"ఓహో, మార్కులా! బాగా వచ్చినట్టేనా?"

"చాలా బాగా వచ్చాయండీ" అన్నాను.